ప్రెయిరీ కప్పు రంగు మారిన ఏడు

అరోరా,
11 జనవరి 2026, ఆదివారం.

గిరిజత్తకి,

ఫోన్‌లో అరిచానని నువ్వు వేసిన శిక్ష ప్రకారం ఇది మొదటి ఉత్తరం. ఇక నుంచి ఫోన్లు వద్దు, కాగితం మీద రాయి, స్టాంపు అంటించేలోపు కోపం సగం దిగుతుంది అన్నావు. దిగలేదు. ముందే చెప్పేస్తున్నాను.

క్రిస్మస్ సెలవుల్లో మీ ఫ్రీమాంట్ ఇంట్లో భోజనాల దగ్గర నేనన్న మాటల్లో ఒక్కటీ వెనక్కి తీసుకోను. పెద్దవాళ్లంతా కూర్చుని రెండు గంటలసేపు ఏ స్కూల్ పక్కన ఇల్లు ఎంత పలుకుతుందో మాట్లాడుకుంటుంటే, "ఇళ్లు పెరుగుతున్నాయి సరే అంకుల్, మనుషులే తరిగిపోతున్నారు" అన్నాను. అందులో తప్పేముంది? రాజీవ్ బావ "ఇదిగో, కరపత్రం మొదలైంది" అని నవ్వాడు. అందుకే బావని బ్లాక్ చేశాను. అవును, నేను ఖమ్మంలో నాన్న ప్రెస్‌లో మిగిలిపోయిన కరపత్రాలు చదువుకుని పెరిగినదాన్నే. మిగతా పిల్లలు బొమ్మల పుస్తకాలు చదివే వయసులో బీడీ కార్మికుల డిమాండ్లు కంఠతా పట్టాను. దానికి నాకేం సిగ్గు లేదు.

ఇక సంగతులు. యూనివర్సిటీ ఐస్ రింక్‌లో నా ఉద్యోగం ఈ సెమిస్టర్‌కి కూడా ఉంచారు. వారానికి ఇరవై గంటలు అద్దె స్కేట్లు ఇవ్వడం, తిరిగి తీసుకుని లోపల స్ప్రే కొట్టడం. పాదాల వాసనకి వర్గభేదం లేదని అక్కడే తెలుసుకున్నాను.

ఈసారి ఇంకో పని కూడా అంటగట్టారు. చుట్టుపక్కల ఊళ్ల జూనియర్ ఐస్ హాకీ జట్లకి ప్రతి మార్చిలో మా రింక్‌లోనే ఛాంపియన్‌షిప్ జరుగుతుంది. గెలిచినవాళ్లకి మోకాలెత్తు కప్పు ఇస్తారు. ప్రెయిరీ కప్ అంటారు. 1976లో మొదలైంది. యాభై ఏళ్లు నిండుతున్నాయని దాని చరిత్రని చిన్న పుస్తకంగా వేస్తున్నారు. "నువ్వు ఫాస్ట్‌గా టైప్ చేస్తావు కదా" అని మేనేజర్ ఆ పని నా నెత్తిన పెట్టాడు. చరిత్రకారులకి కావలసిన అర్హత చూడు!

ఆ కప్పు సంగతి వింతగా ఉంది. గెలిచిన జట్టులో ప్రతి ఆటగాడూ దాన్ని రెండు రోజులు ఇంటికి తీసుకెళ్లొచ్చు. మిగతా ఏడంతా అది రింక్‌లోనే ఉంటుంది. మళ్లీ ఏడు ఫైనల్‌కి ముందు ఆ జట్టే దాన్ని తీసుకెళ్లి, ఫైనల్ రోజున నిండా పిప్పరమెంట్లు, టాఫీలు పోసి తిరిగి తేవాలి. ఖాళీగా తెస్తే పుచ్చుకోరు. ఎందుకని అడిగితే అందరూ "ట్రెడిషన్" అంటారు తప్ప ఒక్కరికీ తెలియదు. ఏదో మిఠాయి కంపెనీ ప్రకటన కోసం మొదలెట్టిన ఎత్తుగడ అయ్యుంటుంది. తవ్వి బయటకి తీస్తాను.

కప్పుని చూసుకోడానికి ఒక కీపర్ కూడా ఉన్నాడు, హాల్వర్సన్ అని. ఎనభై నాలుగేళ్లు. ప్రతి శనివారం వచ్చి సొంత ఫ్లాస్కులో కాఫీ తాగుతూ కప్పు పెట్టే అద్దాల బీరువా పక్కన బెంచీ మీద కూర్చుంటాడు. కొత్త బీరువా చేయిస్తున్నారు, దానికి ఆయన పేరు పెడతారట. ఒక గిన్నెని తుడిచినందుకు!

మీరు ఒకప్పుడు అరోరాలోనే ఉండేవాళ్లు కదా. బావ కూడా హాకీ ఆడేవాడని నాన్న అన్నాడు. ఏమైనా గుర్తుంటే రాయి.

కోపం దిగని నీ మేనకోడలు,
నిధి

నువ్వు డబ్బాలో పెట్టిచ్చిన జంతికలు అయిపోయాయి. సగం నా రూమ్మేట్ త్రివేణే తినేసింది.


ఫ్రీమాంట్,
18 జనవరి.

మా ఇంటి నిప్పురవ్వకి,

నీ ఉత్తరం మీ మామయ్య పోస్టు డబ్బాలోంచి తెచ్చి "గిరిజా, నీకు సమన్లు వచ్చాయి" అన్నారు. ఆయన రైల్లో ఆఫీసుకి వెళ్తూ చదువుతానని పట్టుకుపోయారు. సాయంత్రం వచ్చి, "అక్షరాలు మాత్రం మా బావగారివే, ముత్యాల్లా ఉన్నాయి" అన్నారు. కోపం గురించి ఏమీ అనలేదు. నువ్వంటే ఆయనకి కొంచెం భయం.

ఆ రోజు భోజనాల దగ్గర ఇళ్ల ధరలు అడిగింది నా స్నేహితురాలు సుధ వాళ్లాయన. ఆ సోమవారమే ఆయనకి జాబ్ పోయింది. అరవై రోజుల్లో ఇంకోటి దొరక్కపోతే దేశం విడిచి వెళ్లాలి. ఇల్లు ఇప్పుడే అమ్మాలా, ఆగాలా అని నలుగురినీ అడుగుదామని వచ్చారు పాపం. నువ్వు ఆ మాట అన్నాక సుధ బాత్‌రూమ్‌లోకి వెళ్లి పది నిమిషాలు రాలేదు. నీకు తెలియదని నాకు తెలుసు. తెలియనప్పుడు కాస్త నెమ్మదిగా మాట్లాడితే బాగుంటుంది కదా అనే నా గోల.

హాల్వర్సన్ గారు ఇంకా ఉన్నారంటే ఎంత సంతోషంగా ఉందో! ఫ్లాస్కు ఆకుపచ్చదేనా? ఆయన గురించి మంచి మాటలు రాయి, చాలా మంచి మనిషి. 2006 గురించి మాత్రం పెద్దగా రాయడానికేమీ ఉండదు. అన్ని ఏళ్లలాగే అదీ.

ఇక్కడ చలికి కరివేపాకు మొక్క ఆకు రాల్చేసింది. ఇంట్లోకి తెచ్చి కిటికీ దగ్గర పెట్టాను. రోజూ దానితో మాట్లాడుతున్నానని రాజీవ్ కూతురు ఇషా నవ్వుతోంది.

ఆ స్టీలు డబ్బా వీలు చూసుకుని తిరిగి పంపు. అది నా పెళ్లినాటిది. ఖాళీగా మాత్రం పంపకు, మన ఇళ్లల్లో అలా పంపరు. చెంచాడు పంచదారైనా వెయ్యి.

నీ అత్త,
గిరిజ


అరోరా,
25 జనవరి.

అత్తా,

సుధ ఆంటీ సంగతి నాకెవరూ చెప్పలేదు. చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది? ఆవిడ నంబరు పంపు. ఫోన్ చెయ్యను, మెసేజ్ పెడతాను.

ఇప్పుడు అసలు విషయం. కూర్చునే చదువు.

1976 నాటి కాగితాల్లో ప్రెయిరీ కప్‌ని 'వెండి కప్పు' అన్నారు. ఊళ్లో హార్డ్‌వేర్ షాపు యజమాని ఒకాయన ఇచ్చాడట, ఆయన పోయి చాలాకాలమైంది. పాత ఫోటోలన్నీ వరసగా నేల మీద పరిచి చూశాను. 2006 మార్చి ఫోటో దాకా కప్పు తెల్లగా ఉంది. 2007 ఫోటోలో ఒక చెంపంతా పసుపుపచ్చగా ఉంది. ఇప్పుడూ అలాగే ఉంది. దగ్గరికెళ్లి గోరుతో గీకి చూశాను, ఇత్తడి! వెండి కప్పు ఇత్తడి కప్పు ఎలా అయింది?

కప్పు ఎవరింటికైనా వెళ్లినప్పుడు, తిరిగి వచ్చినప్పుడు కీపర్ ఒక రిజిస్టర్‌లో రాస్తాడు. ఆ గెలుపు తర్వాత చివరిసారి తిరిగి వచ్చిన రోజు, 2006 ఏప్రిల్ 19 దగ్గర ఇలా ఉంది: "తిరిగి వచ్చింది. కండిషన్ బాగుంది. హాల్వర్సన్." ఆ తర్వాత ఏడాది ఫోటో చూస్తే పసుపు. అంటే ఆ పెద్దమనిషి రిజిస్టర్‌లో పచ్చి అబద్ధం రాశాడు. వెండి కప్పు ఎటో పంపించి, ఇత్తడిది పెట్టి, పైన కాస్త వెండి రంగు పూయించాడు. ఆ పూత ఒక వైపు లేచిపోయింది. అలాంటి మనిషి పేరు బీరువాకి పెడుతున్నారు! పైకి మంచివాళ్లుగా కనిపించేవాళ్ల మీద ప్రజలు ఒక కన్నేసి ఉంచాలని నేను ఊరికే అనను.

ఇంకో మాట. నా మొదటి ఉత్తరంలో 2006 అని ఎక్కడా రాయలేదు. నువ్వెందుకు రాశావు?

నిధి

నేను దొంగతనం గురించి రాస్తుంటే నువ్వు డబ్బా గురించి రాస్తావు. పంపుతాలే.


ఫ్రీమాంట్,
31 జనవరి.

నిధికి,

సుధ నంబరు వెనక పేజీలో రాశాను. మెసేజ్ చిన్నదిగా పెట్టు, ఉపన్యాసం వద్దు.

2006లో గెలిచిన జట్టులో రాజీవ్ ఉన్నాడు. అందుకే ఆ ఏడు గుర్తు. ఇందులో వింతేముంది?

కప్పు రంగు మారడానికి వంద కారణాలుంటాయి. ఈ ఇరవై ఏళ్లలో నా జుట్టు రంగూ మారింది, ఎవరూ దొంగతనం కేసు పెట్టలేదు. ఆయన్ని వదిలెయ్ తల్లీ. పిప్పరమెంట్ల గురించి రాసుకో, ఆటల గురించి రాసుకో. చదువుకోడానికి వచ్చిన పిల్లవి, ఆ ఊళ్లో వాళ్లతో నీకెందుకు గొడవ? ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నావు. నీ జాబ్ ఇచ్చింది కూడా వాళ్లే.

మీ మామయ్యకి బీపీ కొంచెం ఎక్కువైంది. నీ రెండో ఉత్తరం ఆయనకి చూపించలేదు.

గిరిజ అత్త


అరోరా,
7 ఫిబ్రవరి.

అత్తా,

నీ ఉత్తరం ఎవరో భయస్తులు రాసినట్టుంది. 'ఎఫ్-1 మీద ఉన్నావు, నోరు మూసుకో' అన్నదే కదా దాని సారాంశం? చిన్నప్పుడు నన్ను ప్రెస్ బల్ల మీద కూర్చోబెట్టి, "అచ్చులో పడ్డ అబద్ధం చెరపడం కష్టం, అందుకని ముందే చూసుకోవాలి" అని ప్రూఫులు దిద్దడం నేర్పింది నువ్వే. సెలవులకి ఇండియా వచ్చినప్పుడల్లా నేర్పావు. ఆ అత్త ఎటు పోయింది?

లీగ్ కమిటీ మీటింగుల కాగితాలు దొరికాయి. 2007 జనవరిలో హాల్వర్సన్‌ని కీపర్ పని నుంచి తీసేశారు. కారణం: కప్పు సంరక్షణలో నిర్లక్ష్యం. ఆయనే నిలబడి, "నేనే ఎక్కువ పాలిష్ చేశాను" అని ఒప్పుకున్నాడట. తాళంచెవి లాక్కున్నారు. మూడేళ్లు బీరువా దగ్గరికి రానివ్వలేదు. తర్వాత ఆ పని చేసేవాళ్లు ఎవరూ దొరక్క 2010లో మళ్లీ ఇచ్చారు. నాకు అర్థమైంది ఇదీ: పెద్ద నేరం దాచడానికి చిన్న తప్పు ఒప్పుకున్నాడు.

రిజిస్టర్‌లో ముందు పేజీ అడుగున ఇంకో లైను ఉంది. నిన్న చూశాను. ఏప్రిల్ 17: "రాజీవ్ ఇంటికి వెళ్లింది." ఆ తర్వాత లైనే ఏప్రిల్ 19ది. అంటే కప్పు మారింది మీ ఇంటి నుంచి వచ్చాకో, మీ ఇంట్లోనో. నువ్వు నాకు అబద్ధం చెప్పావని అనను. కానీ సగం చెప్పావు. ఆయన బావని టీమ్‌లోకి తీసుకోవడానికి ఏమైనా సాయం చేశాడా? అందుకని మీరంతా నోరు మూసుకున్నారా?

వ్యాసం రాసేశాను. 18న పుస్తకం ప్రెస్‌కి వెళ్తుంది. వచ్చే శనివారం ఆయన ముఖం మీదే చదివి వినిపించి, తర్వాత ఇస్తాను. ఎవరి మీద రాస్తే వాళ్లకి ముందు చూపించాలన్నది నా నియమం. నీ పేరు, బావ పేరు రాయలేదు. అది పిరికితనమో ప్రేమో నాకే తెలియడం లేదు.

నిధి


ఫ్రీమాంట్,
12 ఫిబ్రవరి, గురువారం.

నిధీ,

నీకు నాలుగుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఫోన్లు వద్దన్నది నేనే కనుక నిన్ను అనడానికి లేదు. రాజీవ్‌తో మెసేజ్ పెట్టిద్దామంటే వాణ్ణి బ్లాక్ చేశావు. అయినా ఇది వాడు చెప్పాల్సింది కాదు. ఎక్స్‌ప్రెస్‌లో పంపిస్తున్నాను, రేపటికి చేరుతుందన్నారు. శనివారం లోపల చదువు. ఆయన దగ్గరికి వెళ్లకు.

ఆ కప్పుని నేను తోమాను.

ఆ ఏప్రిల్‌లో రాజీవ్ దాన్ని ఇంటికి తెచ్చాడు. పదిహేడు మంది కుర్రాళ్లు ఒకరి తర్వాత ఒకరు అందులో కూల్‌డ్రింక్ పోసుకుని తాగారట. ఎంగిలి కప్పు! లోపలంతా జిగురు, చెక్కిన పువ్వుల సందుల్లో నలుపు. అలాంటి దాన్ని దేవుడి గదికి ఎదురుగా టీవీ స్టాండు మీద పెట్టాడు. నేను ఉండలేకపోయాను. మర్నాడు వాడు స్కూలుకి, మామయ్య ఆఫీసుకి వెళ్లాక, పెరట్లో కొళాయి దగ్గర పీట వేసుకుని కూర్చున్నాను. నానబెట్టిన చింతపండు, రాళ్ల ఉప్పు, స్టీలు పీచు. మా అమ్మ పండగ ముందు ఇత్తడి సామాను తోమించినట్టే తోమాను. వెండి కదా, ఇంకా తెల్లగా రావాలని ఒత్తి తోమాను. నలుపు పోయింది. ఇంకా తోమితే పసుపు వచ్చింది. నవ్వకు, ఒక్క క్షణం లోపల బంగారం ఉందేమో అనుకున్నాను.

పూత అని అప్పుడు అర్థమైంది. అది ఎప్పుడూ వెండి కప్పు కాదు నిధీ. మొదటి రోజు నుంచీ ఇత్తడే. పైన వెండి పూత, అదీ ముప్పై ఏళ్ల తుడుపుకి పల్చబడిపోయింది. మిగిలింది నా చేత్తో పోయింది.

సాయంత్రం మామయ్య చూసి ముందు వీధి తలుపు వేసేశారు. అప్పుడు మా గ్రీన్ కార్డు ఫైల్ నడుస్తోంది. "ఊరి కప్పు పాడు చేశామంటే కేసవుతుంది, ఎవరికీ చెప్పకు, వాళ్లంతట వాళ్లు చూసినప్పుడు చూసుకుందాం" అన్నారు. రాజీవ్ ఏడ్చాడు. నాకు మనసొప్పలేదు. మర్నాడు పొద్దున కప్పుని దిండు గలీబులో చుట్టుకుని, ఒళ్లో పెట్టుకుని బస్సులో వెళ్లాను. నాకప్పుడు డ్రైవింగ్ రాదు, ఇంగ్లీషూ అంతంత మాత్రం. ఎదుటివాళ్ల గిన్నె ఖాళీగా ఇవ్వకూడదు కదా, అందులో పంచదార పోశాను. కిలో పైనే పట్టింది.

హాల్వర్సన్ గారు గలీబు విప్పారు. పసుపు చెంప చూశారు, నా చేతులు చూశారు. గోళ్లు చింతపండుకి పండిపోయి ఉన్నాయి. నేను ఏడుస్తూ, "ఐ వాష్. సారీ. ఐ వాష్," అని అదే అంటున్నాను. ఆయన వేలితో పంచదార అద్దుకుని నోట్లో వేసుకున్నారు. "ముప్పై ఏళ్లలో దీన్ని ఇంత శుభ్రంగా ఎవరూ కడగలేదమ్మా" అన్నారు. పంచదార ఎందుకని అడిగారు. "ఎంప్టీ, నో గివ్" అన్నాను. అర్థమైనట్టు తలూపి, రిజిస్టర్ తీసి నా ఎదురుగానే 'కండిషన్ బాగుంది' అని రాశారు. నన్ను బస్సు స్టాపు దాకా దింపారు.

జూన్‌లో మామయ్యకి ఇక్కడ జాబ్ వచ్చి వచ్చేశాం. అంతటితో అయిపోయిందనుకున్నాను. ఆయన్ని తీసేశారని, మూడేళ్లు తాళంచెవి లాక్కున్నారని నాకు తెలియదు నిధీ. నీ ఉత్తరంలో చదివే దాకా తెలియదు. ఇరవై ఏళ్లు నేను ఇక్కడ హాయిగా టీ తాగాను.

వెళ్లకు. వెళ్తే ఆ కాగితం చూపించకు.

అత్త


అరోరా,
14 ఫిబ్రవరి, శనివారం మధ్యాహ్నం.

అత్తా,

పని పూర్తయింది. రింక్ నుంచే రాసి, ఇక్కడి డబ్బాలోనే వేస్తున్నాను. ఇంటికి వెళ్తే మనసు మారుతుందేమోనని.

పొద్దున హాల్వర్సన్ బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. (ఫ్లాస్కు ఆకుపచ్చదే.) వ్యాసం చేతికిచ్చి, "ఇది మీ గురించి. మీకు ముందు చూపించడం నా ధర్మం" అన్నాను. జేబులోంచి పెన్సిల్ తీశాడు. మొదటి పేజీలో రెండు కామాలు దిద్దాడు. 1983 ఫైనల్ స్కోరు నాలుగు-రెండు అని రాశాను, దాన్ని నాలుగు-మూడు చేశాడు. తను కప్పు మార్చేశాడని రాసిన పేజీకి వచ్చాడు. అక్కడ ఒక్క స్పెల్లింగ్ సరిచేశాడు. అన్నీ చదివి, "బాగా రాశావు. ప్రింట్ చేసుకో" అన్నాడు.

"ఇది నిజమేనా?" అని అడిగాను.

"కప్పు నా చేతిలో ఉండగా రంగు మారింది. జవాబు నేనే చెప్పుకోవాలి" అన్నాడు. ఇంతకంటే ఒప్పుకోలు ఏం కావాలి?

తర్వాత ఏమన్నాడో విను. "మీది ఇండియా కదా? మీ ఇళ్లల్లో ఎవరి గిన్నైనా ఖాళీగా తిరిగి ఇవ్వరు, అవునా?" నాకు ఒళ్లు మండిపోయింది. నేను కంప్యూటర్ సైన్స్‌లో మాస్టర్స్ చేస్తున్నాను, చేతిలో ఆయన నేరం రాసిన కాగితాలున్నాయి, ఈ మనిషి ఇండియన్ అమ్మాయి కనిపించగానే గిన్నెల గురించి అడుగుతాడు! "నేను గిన్నెలు తోమడానికి రాలేదు" అనేసి వచ్చేశాను. వెనక నుంచి ఆయన నవ్వినట్టు వినిపించింది. ఎగతాళిగా కాదు. అదే అర్థం కాలేదు.

మేనేజర్‌కి వ్యాసం మెయిల్ చేశాను. సోమవారం చూస్తాడు.

నిధి


అరోరా,
15 ఫిబ్రవరి, ఆదివారం.

అత్తా,

నీ ఎక్స్‌ప్రెస్ కవరు శుక్రవారమే వచ్చింది. త్రివేణి సంతకం పెట్టి తీసుకుని, పిజ్జా కూపన్లతో పాటు ఫ్రిజ్ మీద పెట్టింది. నిన్న సాయంత్రం చూశాను. నా నిన్నటి ఉత్తరం ఈపాటికి దారిలో ఉంటుంది. వస్తే చదవకుండా చింపెయ్. వద్దు, చదువు. నేనేం చేశానో నీకు తెలియాలి.

మేనేజర్ ఇంటికి ఫోన్ చేసి వ్యాసం తెరవొద్దని చెప్పాను. కోప్పడ్డాడు. పడనీ. 25 దాకా గడువిచ్చాడు.

తన మీద రాసిన అభియోగానికి తనే ప్రూఫు దిద్దాడత్తా ఆయన. కామాలు దిద్దాడు! ఇరవై ఏళ్ల కిందట బస్సులో వచ్చిన ఒక మనిషి పేరు చెబితే సరిపోయేది. నిన్న కూడా చెప్పలేదు. నేను నీ మేనకోడలినని ఆయనకి తెలియదు. ఎవరో ఇండియా అమ్మాయి వచ్చి తిడుతుంటే, గిన్నె సంగతి మాత్రం అడిగాడు.

ఇవాళ పొద్దున ఆయన ఇంటికి వెళ్లాను. తలుపు తీసి, "ఇంకో పేజీ ఉందా?" అన్నాడు. "ఉంది, ఇది మా అత్త రాసింది" అన్నాను. వంటింటి బల్ల దగ్గర కూర్చుని నీ ఉత్తరం వాక్యం వాక్యం ఇంగ్లీషులో చెప్పాను. చెవి మిషన్ సరిచేసుకుని విన్నాడు. 'ఐ వాష్' దగ్గర నేను ఆగిపోయాను. ఆయనే ఆ మాట పూర్తి చేశాడు, "ఐ వాష్. సారీ. ఐ వాష్" అని, నీ గొంతులాగే.

అంతా అయ్యాక చేతులు పట్టుకుని క్షమించమన్నాను. క్షమాపణ సంగతి పక్కన పెట్టి ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఇది: "ఆ చక్కెరలో చిన్న నల్ల గింజలున్నాయి, భలే వాసన. అవేమిటి? ఇరవై ఏళ్లుగా అడగడానికి ఎవరూ దొరకలేదు."

ఏలకులు వేశావా అత్తా? ఆ మాట నీ ఉత్తరంలో లేదు.

నీ పేరు రాయొద్దని గట్టిగా అన్నారాయన. "ఆవిడ ఏడ్చింది చాలు. నేనే పాలిష్ చేశానని ఎప్పుడో రాశారు, అదే ఉండనీ" అన్నారు. ఏం చేయమంటావు? ఈసారి నువ్వు చెప్పినట్టే చేస్తాను.

నిధి


ఫ్రీమాంట్,
20 ఫిబ్రవరి.

నిధికి,

నీ రెండు ఉత్తరాలూ ఒకేరోజు చేరాయి. 14నాటిది చదివి భయపడ్డాను, 15నాటిది చదివి ఏడ్చాను. మామయ్య రెండూ చదివారు. "ఆ రోజు చెప్పొద్దన్నది నేనే కదా" అన్నారు. ఆయనకిప్పుడు బీపీ బాగానే ఉంది, కంగారు పడకు.

అవును, ఏలకులు. దంచి వేశాను. వట్టి పంచదార ఇస్తే ఏం బాగుంటుంది?

పేరు రాయి. హాల్వర్సన్ గారు వద్దంటే వద్దననీ. ఆయన మాట ఇరవై ఏళ్లు చెల్లింది, ఇక నా మాట చెల్లాలి. నా పేరు, చింతపండు, స్టీలు పీచు, అన్నీ రాయి. ఆయన పాలిష్ చేశానన్నది అబద్ధమని రాయి, మూడేళ్లు ఆ తాళంచెవి లేకుండా కూర్చున్నారని రాయి. గ్రీన్ కార్డు సంగతి కూడా రాయమంటున్నారు మామయ్య. నాతోపాటు ఆయన పేరు, వీరాంజనేయులు అని, పూర్తిగా వేయమన్నారు.

ఒక్కటే అడుగుతాను. కోపంగా రాయకు. కమిటీ వాళ్లని తిట్టకు. వాళ్లకి తెలియదు, మనం చెప్పలేదు.

దీంతోపాటు చిన్న పొట్లం పంపిస్తున్నాను. పచ్చ ఏలకులు. ఆయనకివ్వు. ఎలా దంచాలో చూపించు.

సుధ వాళ్లాయనకి మీ ఊరికి దగ్గర్లోనే, షామ్‌బర్గ్‌లో జాబ్ దొరికింది. నీ మెసేజ్ సుధ నాకు చూపించింది. రెండే లైన్లు. చాలా బాగుంది.

నీ అత్త


అరోరా,
22 మార్చి, ఆదివారం.

అత్తా,

ఇది పార్సెల్‌లో వస్తుంది కనుక దీని కింద ఏముందో చూడకుండా ముందు దీన్ని చదువు.

నిన్న ఫైనల్ జరిగింది. పుస్తకం ముందే అచ్చయింది కనుక గెలిచిందెవరో అందులో లేదు. ఒక ఊరి జట్టు, మూడు-రెండు. ఆట మధ్యలో నేను స్కేట్లకి స్ప్రే కొడుతూనే ఉన్నాను, విప్లవం వచ్చినా ఆ పని ఆగదు.

పుస్తకంలో 2006 దగ్గర నేను రాసింది తెలుగులో చెబుతాను. "ఆ ఏప్రిల్‌లో రాజీవ్ తల్లి గిరిజ, కప్పు శుభ్రంగా లేదని చింతపండుతో, స్టీలు పీచుతో తోమారు. వెండి పూత పోయి ఇత్తడి బయటపడింది. ఆమె భర్త వీరాంజనేయులు, వాళ్ల గ్రీన్ కార్డు ఆగిపోతుందన్న భయంతో ఎవరికీ చెప్పొద్దన్నారు. అయినా ఆమె కప్పుని బస్సులో తెచ్చి చెప్పారు. కీపర్ హాల్వర్సన్ ఆ తప్పు తన మీద వేసుకుని, మూడేళ్లు పని పోగొట్టుకున్నారు. ఆమె కప్పు తిరిగి ఇచ్చినప్పుడు అందులో పంచదార ఉంది. కప్పు ఖాళీగా తిరిగి రాకూడదన్న నియమం హాల్వర్సన్ పెట్టింది అది చూసే." అంతే. తిట్లు లేవు, లెక్కపెట్టుకో. మిఠాయి కంపెనీ గురించి మొదట రాసిన రెండు పేజీలు నేనే చింపేశాను.

మేనేజర్ చదివి, కొత్త పూత వేయిద్దామా అని కమిటీలో అడిగాడు. అవసరం లేదన్నారు. హాల్వర్సన్ గారు నీ మీద ఇంకా కోపంగానే ఉన్నారు, పేరు రాయించావని. "మీ అత్త మొండిది" అన్నారు. "మా ఇంట్లో అందరూ అంతే" అన్నాను.

పోయినేడు గెలిచిన కుర్రాళ్లు పిప్పరమెంట్లు నింపుకుని కప్పు తెచ్చారు. కొత్త బీరువా ముందు ఆయన కప్పు మూత తీసి, జేబులోంచి నీ పొట్లం తీసి, దంచిన ఏలకులు వాటి మీద చల్లారు. పిప్పరమెంట్ల కోసం నిలబడ్డ వరసలో మొదటి కుర్రాడు ఒకటి నోట్లో వేసుకుని, "ఈ ఏడు రుచి వేరేగా ఉంది" అన్నాడు. "కాదు, ఇదే మొదటి రుచి" అన్నారాయన.

ఆ వరసలో నేనూ నిలబడ్డాను, ఉద్యోగులకి ఇవ్వరని తెలిసీ. ఆయన నా రెండు చేతులూ నింపారు.

నీ డబ్బా కడిగాను. సబ్బుతో, మెత్తని గుడ్డతో. స్టీలు పీచు వాడలేదు. ఇప్పుడు మూత తియ్యి.

నీ నిధి